ఆకుపచ్చ సీసా

2019 వానాకాలం. తిరువూరులో మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా మా పురుగుమందుల కొట్టు ఉంటుంది. కొట్టు మా మామగారి నాటిదే గానీ లైసెన్సు మాత్రం నా పేరు మీద ఉంది. ఇంట్లో కెమిస్ట్రీతో బి.ఎస్సీ. చదివింది నేనొక్కదాన్నే మరి. పెళ్ళయిన కొత్తలో ఆ డిగ్రీ కాగితం కోసమే నన్ను కౌంటర్లో కూర్చోబెట్టారు. కూర్చున్నాక లేవమంటే నేను లేవలేదు.

నా నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. రైతు ఒక్క మాట అడిగితే పది మాటలు చెబుతానని, అందులో ఆరు తిట్లేనని మావారు ఎగతాళి చేస్తుంటారు. తిట్టక ఏం చేయను? వచ్చినవాళ్ళెవరూ మందు పేరు చెప్పరు. ఎర్రమూతది ఇవ్వమంటారు, మొన్నటి నీలం డబ్బాది లేదా అంటారు. మూత రంగు, డబ్బా రంగు కంపెనీవాడి ఇష్టం, వాడికి తోచినప్పుడల్లా మారుస్తాడు. మారనిది ఒక్కటే, లేబుల్ మీద ఉండే ముక్కోణం. మూల మీద నిలబెట్టిన పలకలాంటి గుర్తు, దాని కింది సగం ముక్కోణంలో రంగు. ఎరుపైతే అన్నింటికన్నా ఘోరమైన విషం. తర్వాతది పసుపు. నీలం ఇంకా తక్కువ. ఆకుపచ్చ అన్నింటికన్నా తక్కువ. చదువు రానివాళ్ళకి కూడా తెలియాలని పెట్టిన గుర్తు అది. కొమ్మల చాటున ఉన్న పిట్టని కంటి పక్క పసుపు చూసి గోరింకని చెప్పేస్తారు, చేతిలో ఉన్న డబ్బా మీది పసుపు మాత్రం మీకు ఆనదని రోజుకి ఒకరినైనా దెప్పేదాన్ని.

నా మాటలు శ్రద్ధగా వినే ఒకరిద్దరిలో కోటేశ్వరరావు గారు ఒకరు. రెడ్డిగూడెం వైపు ఆయనకి మామిడితోట ఉంది. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ నవ్వుమొహమే. నేను ఎవరి మీదైనా కేకలేస్తుంటే స్టూలు మీద కూర్చుని వినేవారు. తిట్లు అయిపోయాక, ఎరుపు, పసుపు, నీలం, పచ్చ అంటూ బడిపిల్లాడిలా ఒప్పజెప్పేవారు. ఆయన్ని చూస్తే నా కోపం ఎటో పోయేది.

మా వైపు ఒక అలవాటు ఉంది. చిన్న సీసాలు నాలుగు కొనేకన్నా లీటరు డబ్బా ఒకటి కొంటే చవక. అందుకని పక్కపక్క తోటలవాళ్ళు కలిసి ఒక డబ్బా తీసుకుని తోటలోనే పంచుకుంటారు. పంచుకునేది ఖాళీ కూల్‌డ్రింకు సీసాల్లోకి. ముక్కోణం డబ్బాతోపాటు పోతుంది, మందు ఊరూ పేరూ లేకుండా సీసాలో మిగులుతుంది. వద్దని మొత్తుకునేదాన్ని. సరేనని తలూపి వెళ్ళి అదే పని చేసేవారు.

ఆ ఏడు వానలకి తోటల్లో గడ్డి మోకాలెత్తు పెరిగింది. కోటేశ్వరరావు గారి పక్క తోటాయన మా కొట్లో రెండు రకాల గడ్డిమందు తీసుకెళ్ళాడు. ఒకదాని మీద నీలం ముక్కోణం, రెండోదాని మీద పసుపు. నీలం దానిది లేత తేనెరంగు, ప్రమాదం కొంత తక్కువ. పసుపు దాని సంగతి వేరు. అది మనిషి లోపలికి పోతే విరుగుడు లేదు. నిదానంగా ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. దాని దుర్మార్గం ఏమిటంటే, మొదట్లో మనిషి మామూలుగానే ఉంటాడు. లేచి తిరుగుతాడు, నవ్వుతాడు. ఎవరూ మంచినీళ్ళనుకుని తాగకూడదనే కంపెనీవాళ్ళు అందులో ముదురు ఆకుపచ్చ రంగు, కడుపులో తిప్పే పదార్థం కలుపుతారు.

ఒకరోజు పొద్దెక్కాక మా కొట్టు ముందు ఆటో ఆగింది. కోటేశ్వరరావు గారి భార్య నాగమణి దిగి పరుగున వచ్చింది. ఇదీ మా వైపు అలవాటే. మందు లోపలికి పోతే ఆసుపత్రికి కాదు, ముందు కొట్టుకు వస్తారు. అమ్మినవాళ్ళ దగ్గర విరుగుడు ఉంటుందని నమ్మకం.

“మేడం గారూ, నీళ్ళనుకుని ఆయన గడ్డిమందు తాగేశాడండి. కక్కేశాడు. విరుగుడేదన్నా ఉంటే ఇవ్వండి,” అంది.

నేను ఆటో దగ్గరికి పరిగెత్తాను. ఆటోలో కోటేశ్వరరావు గారు కండువాతో మూతి తుడుచుకుంటూ కూర్చున్నారు. నన్ను చూసి నవ్వారు. గుక్కెడే పోయిందనీ, చాలావరకు ఊసేశాననీ, వాంతి కూడా అయిందనీ, ఈవిడదంతా అనవసరపు కంగారనీ చెప్పారు. ఏ డబ్బాలోది అని అడిగాను. ఆయనకి తెలియదు. పక్క తోటాయన పంచి ఈయన వాటా సీసా మోటారు షెడ్డులో పెట్టి వెళ్ళాడట. ఆ తోటాయనకి ఫోన్ చేశాను. రెండూ గడ్డిమందే కదా అని ఏది ఎందులో పోశాడో చూసుకోలేదన్నాడు. డబ్బాలు అప్పుడే వాగులో పడేశాడట.

నిమ్మకాయ కూల్‌డ్రింకు సీసాలు మీరు చూసే ఉంటారు. సీసానే చిక్కటి ఆకుపచ్చగా ఉంటుంది. షెడ్డులో అలాంటివి రెండున్నాయి, ఒకదాంట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో మందు. ఆ సీసాలో పోస్తే నీళ్ళూ పచ్చగానే కనిపిస్తాయి, తేనె పోసినా పచ్చగానే కనిపిస్తుంది. ప్రాణం కాపాడటానికి కలిపిన రంగు ఆ సీసాలో పడి ఎందుకూ పనికిరాకుండా పోయింది. సీసా అడుగున నాలుగు చుక్కలు మిగిలినా దూది మీద వేసి రంగు చూద్దామనుకున్నాను. ఇంకెవరైనా తాగుతారేమోనన్న భయంతో నాగమణి దాన్ని పారబోసి, బాగా కడిగి తెచ్చింది. నేను ఆమెను ఏమీ అనలేదు. ఆ రోజు నాకు నోరు లేవలేదు.

రెండు రకాల కొత్త డబ్బాలూ బల్ల మీంచి తీసుకుని, కొట్టు మావారికి అప్పగించి అదే ఆటో ఎక్కాను. దగ్గర్లో ఒక నర్సింగ్ హోమ్ ఉంది. అక్కడి డాక్టరు గారు చిన్న వయసువారే గానీ తొణకని మనిషి. డబ్బాలు రెండూ చూశారు. పసుపు ముక్కోణం దాన్ని చేతిలో కాసేపు తిప్పి కింద పెట్టారు. వెంటనే నీళ్ళలో బొగ్గుపొడి కలిపి తాగించారు. లోపలి విషాన్ని అది కొంత పీలుస్తుందట. విజయవాడ తీసుకెళ్ళడానికి 108కి ఫోన్ చేయించారు. తర్వాత నన్ను పక్కకి పిలిచారు.

అంబులెన్సు వచ్చేలోపు చేయగలిగిన పరీక్ష ఒకటి ఉందన్నారు. పేషెంటు మూత్రంలో వంటసోడా, హైడ్రోస్ అనే తెల్లపొడి వేస్తే, తాగింది పసుపు ముక్కోణం మందైతే నీలంగా మారుతుంది. రెండోదైతే రంగు మారదు. నీలం ఎంత చిక్కగా ఉంటే లోపలికి అంత ఎక్కువ పోయినట్టు. విజయవాడ వాళ్ళకి ముందే చెప్పగలిగితే ఒక్క నిమిషం కూడా వృథా కాదు. కానీ హైడ్రోస్ తన దగ్గర లేదన్నారు.

అది ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు. పాత చీరలకి కొత్త రంగు వేసేవాళ్ళు ముందు పాత రంగు పోగొట్టేది దాంతోనే. మావారికి ఫోన్ చేస్తే అద్దకం కొట్టుకి వెళ్ళి కాగితంలో పొట్లం కట్టించుకుని వచ్చారు.

ఆ కాస్త సేపు ఎలా గడిచిందో చెప్పలేను. కోటేశ్వరరావు గారు మంచం మీద కూర్చుని నర్సుది ఏ ఊరని అడిగారు. విస్సన్నపేట అంటే అక్కడి తన చుట్టాల సంగతి ఎత్తారు. ఈసారి తోటలో కొత్త చిగురు బాగా వచ్చిందన్నారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ నేను ఆయన పెదాలే చూస్తున్నాను. కొంచెం ఎర్రబడ్డాయి, అంతే. నాగమణి గోడవైపు తిరిగి నెమలి ఊళ్ళోని వేణుగోపాలస్వామికి ఏదో మొక్కుకుంటోంది. నాకు మొక్కుకోవడానికి కూడా భయం వేసింది.

డాక్టరు గారు పరీక్షనాళికని కిటికీ వెలుగులో పట్టుకున్నారు. అందులో లేత పసుపు నీళ్ళు. సోడా వేశారు, ఏమీ కాలేదు. హైడ్రోస్ చిటికెడు వేసి మెల్లగా ఊపారు. అడుగు నుంచి నీలం లేచింది. లేచినది ఆగలేదు. చూస్తుండగానే సిరా అంత చిక్కనైంది. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

దాచడానికి కూడా టైం లేకపోయింది. కోటేశ్వరరావు గారు అప్పటికే మెడ చాపి చూస్తున్నారు. చూపించమని అడిగారు. డాక్టరు గారు ఏం చేయాలో తోచక నాళికని అలాగే పట్టుకున్నారు.

“పాలపిట్ట రెక్క విప్పినట్టుందే,” అన్నారు కోటేశ్వరరావు గారు. తర్వాత నావైపు తిరిగారు. “నీలం. ఎరుపూ కాదు, పసుపూ కాదు. మీ లెక్కలో నీలమంటే తక్కువ విషమే కదా మేడం గారూ?”

డబ్బా మీది నీలం వేరు, ఈ నాళికలో నీలం వేరు. డబ్బా మీద అది ఊరట. ఇక్కడ అది చావు. ఇన్నేళ్ళు ఆయనకి ఆ రంగుల వరస నేర్పింది నేను. దాన్ని పట్టుకుని ఆయన ఇప్పుడు బతుకు వెతుక్కుంటున్నారు. నాగమణి మొక్కు ఆపేసి నా నోటివంక చూస్తోంది.

“ఆ. తక్కువే,” అన్నాను.

ఆయన తలూపి దిండుకి ఆనుకున్నారు. నాగమణి కళ్ళు తుడుచుకుంది. అంబులెన్సు వచ్చింది. ఆయన తనంతట తానే నడిచి ఎక్కారు. తలుపు వేసే ముందు చెయ్యెత్తి వెళ్ళొస్తానన్నారు. బండి మలుపు తిరిగాక డాక్టరు గారు నాతో ఆశ లేదన్నారు. నేను ఆ మాట అడగలేదు, ఆయనే ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి అన్నట్టున్నారు.

ఆ తర్వాతి రోజులు నాకు పీడకలలా గడిచాయి. కోటేశ్వరరావు గారు ఆసుపత్రి మంచం మీంచి అందరికీ ఫోన్లు చేశారు. మా కొట్టుకు వచ్చిన రైతులు, ఆయనకి నీలం వచ్చిందట, గండం గడిచినట్టేనట, మీరే చెప్పారట అంటూ నన్ను మెచ్చుకునేవారు. నేను తల వంచుకుని వాళ్ళకి మందులు సంచిలో పెట్టి ఇచ్చేదాన్ని. ఫోను మోగితే నేను ముట్టుకునేదాన్ని కాదు. తీయడానికి మావారిని పిలిచేదాన్ని. అన్నం ముందు కూర్చుంటే కోటేశ్వరరావు గారి ఊపిరి ఇప్పుడు ఎలా ఉందోనని ఆలోచన. కొన్నాళ్ళకి ఆయాసం మొదలైందని తెలిసింది. మాట్లాడలేకపోతున్నారన్నారు. రెండో వారంలో పోయారు.

దినకార్యానికి వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది. మావారు వెళ్ళొచ్చారు.

మామిడిపూత రావలసిన రోజుల్లో నాగమణి మా కొట్టుకు వచ్చింది. తోట ఇక తనే చూసుకుంటోందట. పూత మీద కొట్టే మందు కావాలంది. ఇచ్చాను. తీసుకున్నాక కూడా స్టూలు మీద నుంచి లేవలేదు. ఏం అడుగుతుందో నాకు తెలుసు. ఎదురు చూసి చూసి చివరికి నేనే అనేశాను. ఆ రోజు నాకు తెలిసే అబద్ధం చెప్పానని, నీలం వచ్చినప్పుడే సంగతి నాకు తెలుసునని చెప్పాను.

నాగమణి మందు సంచి మూతి ముడివేస్తూ నా మాట పూర్తిగా వింది.

“ఆయనకీ తెలుసండి,” అంది. “అంబులెన్సు ఎక్కగానే నాతో చెప్పాడు. మేడం గారు ఒక మాట అడిగితే పది చెప్తారే, ఇవాళ ఒక్కమాటే చెప్పారు, ఆవిడ భయపడ్డారు, నువ్వు భయపడమాక అన్నాడు. ఆ ఫోన్లన్నీ నా ఎదురుగా నాకోసం చేశాడు. ఎదుటివాళ్ళు ధైర్యం చెప్తుంటే నేను వింటానని.”

తర్వాత ఆమె లేచి, పూతమందు ఎన్ని నీళ్ళలో కలపాలో అడిగింది. నేను చెప్పలేకపోయాను. మావారు వచ్చి చెప్పారు.

ఈ వ్యాపారంలో నేను రంగులు నేర్చాను, నేర్పాను. రైతులు మా మొహాలు చదువుతారని మాత్రం ఆ రోజే తెలిసింది. డబ్బా మీది గుర్తు చూడనివాడు కూడా కౌంటర్లో ఉన్న మనిషి కళ్ళు చూస్తాడు. కాబట్టి భయం దాచి ప్రయోజనం లేదు. దాస్తే ఎదుటివాడు ఒంటరివాడైపోతాడు. ఇప్పుడు ఎవరైనా విరుగుడు అడిగితే లేదని మొహం మీదే చెబుతాను. చేతులు వణుకుతుంటే వణకనిస్తాను.

ఆ రకం గడ్డిమందు మా కొట్లో దొరకదు. పక్క కొట్లో దొరుకుతుంది, గిరాకీ పోతోందని కంపెనీ మనిషి వచ్చినప్పుడల్లా అంటాడు. ఎందుకు పెట్టరని అడుగుతాడు. నాకు భయమండి అని చెబుతాను.