లాల్ సాహెబ్ వేళ్లు, మా వీధి నోళ్లు

ఆళ్లగడ్డలో మా వీధి కొట్లన్నీ ఎనిమిదింటికే తెరుస్తారు. లాల్ సాహెబ్ టైలరు షాపు మాత్రం పదిన్నరకు. దుడ్లు ఎక్కువై వచ్చిన దొరతనమని మేం తేల్చేశాం. పొద్దున లేస్తే ఆయన వేళ్లు వంగవనీ, భార్య హుస్సేన్‌బీ వేడినీళ్లు పెడితే గంటసేపు చేతులు ముంచి కూచుంటాడనీ, ఆ తర్వాతే కత్తెర పట్టగలడనీ మాకేం తెలుసు? తెలియని విషయం మీద గట్టిగా తీర్పు చెప్పడంలో మా వీధి తర్వాతే ఎవరైనా.

పన్నెండేళ్లుగా ఆయనకు కీళ్లవాతం. నెలకోసారి నంద్యాల పోయి డాక్టరుకు చూపించుకునేవాడు. మాతో మాత్రం గుండీలు కొనడానికి పోతున్నానని చెప్పి, నమ్మించడానికి రెండు పొట్లాలు తెచ్చేవాడు. జిల్లా అంతటికీ సరిపడా గుండీలు ఆ షాపులో పేరుకుపోయాయి. చేతులు బాగాలేని టైలరుకు గుడ్డ ఎవరిస్తారని ఆయన భయం. అనవసరపు భయమని అనలేను, మా సంగతి నాకు తెలుసు.

బడిలో కరోనా సూదులు వేసేటప్పుడు నర్సు సలోమి ఆయన్ను అడిగింది, జబ్బులేమైనా ఉన్నాయా, మాత్రలు వాడుతున్నారా అని. వరసలో ఆయన వెనక నేను, నా వెనక ఆయన దగ్గర కుట్టించుకునేవాళ్లే నలుగురు. ఏమీ లేవన్నాడు. రెండు సూదులూ అయ్యాక సర్టిఫికెట్టుకు ల్యామినేషన్ చేయించి షాపు గోడకు తగిలించాడు.

2022 జనవరిలో ఆయనకు కరోనా వచ్చింది. మా వీధికి మాట్లాడుకోవడానికి పని దొరికింది. ఎదురు కిరాణా కొట్టు మహానందయ్య ఒక్క సూదీ వేయించుకోలేదు, షుగరూ ఆయాసమూ ఉన్న భార్య శాంతకుమారినీ వేయించుకోనివ్వలేదు. ఇప్పుడిక కందిపప్పు తూచుతూ వైద్యం కూడా చెప్పడం మొదలుపెట్టాడు.

"రెండు పొడిపించుకున్నోనికే వచ్చె. ఇంగ సూదెందుకప్పా?"

మేమంతా తలూపాం. రెండూ వేయించుకున్న నేను కూడా ఊపాను. ఉల్లిగడ్డలు తూచేదాకా ఇంకేం చేస్తాం?

లాల్ సాహెబ్ ఆస్పత్రి గడప తొక్కకుండానే తొమ్మిది రోజుల్లో లేచాడు. ఆ తొమ్మిది రోజులూ శాంతకుమారి రాగిజావ తెచ్చి వాళ్ల వాకిట్లో పెట్టి పోయేది. తర్వాత నంద్యాల డాక్టరు ఆయనకు అసలు సంగతి చెప్పాడు. కీళ్ల వాపును అణచే మందు ఒంటి రక్షణను కూడా కొంత అణుస్తుందట. అందుకే అలాంటివాళ్లలో కొందరికి సూది పూర్తి బలంతో పనిచేయదట. జబ్బు ముదరకుండా కాపాడింది మాత్రం ఆ పనిచేసిన కాస్తేనేమో అన్నాడు. మాస్కు తీయొద్దన్నాడు, సమయం వచ్చాక మూడోది వేయించుకోమన్నాడు, తనను అడక్కుండా మాత్రలు మానొద్దన్నాడు.

ఈ మాటను లాల్ సాహెబ్ నాలుగు రోజులు కడుపులోనే దాచుకున్నాడు. ఐదో రోజు జావ గిన్నెలు తిరిగివ్వడానికి కొట్టుకు వెళ్లాడు. మీకే వచ్చిందంటే ఇక నాకు సూది వద్దే వద్దంది శాంతకుమారి. కొట్టు నిండా జనం. సగం మంది గుడ్డలు ఆయన బల్ల మీదే ఉన్నాయి, వాటిలో నాదీ ఒకటి. ఆయన మమ్మల్ని ఒకసారి చూసి, వంకర తిరిగిన వేళ్లు ఆమె ముందు చాపాడు.

"తప్పు సూదిది కాదు శాంతమ్మా. పన్నెండేండ్లుగా నాకు కీళ్లవాతం. ఆ మందు తింటాండా కాబట్టి సూది సగమే పనిచేసింది. ఆ సగం కూడా ల్యాకుంటే నేనీడ నిలబడుండను. నువ్వు పోయి ఏయించుకో."

మహానందయ్య తూకం రాళ్లు సర్దుకున్నాడు. మర్నాడే శాంతకుమారి మొగుణ్ని అడక్కుండా పోయి సూది వేయించుకుంది. ఆమె వెనకే వీధిలో ఇంకో ఆరుగురు పోయారు.

వారం తిరక్కముందే మహానందయ్య తన కూతురు ఉషశ్రీ పెళ్లి గుడ్డలు వెనక్కి తెప్పించుకున్నాడు. పాపం, పెద్దాయన చేతులకు శ్రమ ఎందుకన్నాడు. మా వీధిలో ఇంత జాలి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. రోజుకొకరు అదే జాలితో పోయి గుడ్డ తెచ్చుకున్నారు. అవే వేళ్లతో ఆయన పన్నెండేళ్లు మాకు కుట్టాడని, ఒక్క కుట్టూ వంకర పోలేదని ఎవరికీ గుర్తు రాలేదు.

నాకు గుర్తొచ్చింది. అయినా సిగ్గుపడుతూనే పోయి నా ప్యాంటు గుడ్డ అడిగాను. ఆయన దాన్ని చక్కగా మడిచి నా చేతిలో పెట్టి, నీ ఆరోగ్యం ఎట్లుందప్పా అని అడిగాడు.