అపర్ణ డాక్టరుకు తొమ్మిదోది

రాయ్‌పూర్ దగ్గర కోహ్కాలో ఉండే గోవిందరావు ముప్ఫైనాలుగేళ్ళు స్టీలు ప్లాంటులో క్రేను నడిపాడు. కరిగిన ఉక్కు నిండిన లాడిల్‌ని కింద మనుషులుండగా పైనుంచి దాటించిన చెయ్యి అది. అలాంటివాడు నెహ్రూ నగర్ ఆసుపత్రిలో అపర్ణ డాక్టరు ముందు ఒళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

పదేళ్ళుగా తిన్నది గొంతులోకి ఎగదన్నుతోంది. మూడు తలగడలు పెట్టుకుని, సగం కూర్చునే నిద్ర. మందులు ఇక పనిచెయ్యడం లేదు. దూర్బీన్ ఆపరేషన్ చెయ్యాలంది డాక్టరు. చిన్న బెజ్జాల్లోంచి కెమెరా దింపి, కడుపు పైకొసను ఆహారం దిగే గొట్టం చుట్టూ చుట్టి కుట్టాలి. బిగిస్తే మెతుకు దిగదు, వదులైతే మంట మళ్ళీ వస్తుంది.

"ఇలాటివి నువ్వెన్ని సేసినావమ్మా?"

భార్య కనకలత మోచేత్తో పొడిచింది. "అదేటి అడగడం? డాక్టరమ్మ ఏటనుకుంటాది?"

"క్రేనెక్కే కొత్తోడినీ ఇదే అడిగీవోడిని."

అపర్ణ దాచలేదు. "నా చేత్తో ఎనిమిది, అంకుల్. మీది తొమ్మిదోది. మొదట్లో టైం ఎక్కువ పడుతుంది, తప్పులూ అప్పుడే ఎక్కువ. అందుకే రాయ్‌పూర్ నుంచి మా సార్ వచ్చి వెనక నిలబడతారు."

వెనక అనగానే గోవిందరావుకు తన క్రేను క్యాబిన్ గుర్తొచ్చింది. తను నేర్చుకునే రోజుల్లో అందులో వెనక పని నేర్పే ఉస్తాద్ ఉండేవాడు. ఒకరోజు లాడిల్ కాస్త ఊగితే "రోకో" అని, ఆపమని అరిచాడు. ఆ కేకకే చెయ్యి అదిరి ఉక్కు ఒలికింది. కింద ఎవరూ లేకపోబట్టి సరిపోయింది. తను ఉస్తాదయ్యాక ఎవరిమీదా కేకెయ్యలేదు. ఆపాలంటే భుజం మీద చెయ్యి వేసేవాడు, అంతే.

ఆపరేషన్ బల్ల మీద మత్తు ఇవ్వబోతుండగా, గోవిందరావు ఆ రాయ్‌పూర్ డాక్టరు చొక్కా అంచు పట్టుకున్నాడు. "సార్, ఆ పిల్ల మీద కేకెయ్యకండి. ఆపాలంటే భుజమ్మీద సెయ్యెయ్యండి, సాలు."

రెండు గంటలు పడుతుందన్నది నాలుగు గంటలయింది. మర్నాడు అపర్ణ చెంచాతో నీళ్ళు పట్టుకొచ్చింది. గోవిందరావు నోట్లో పోయించుకుని మింగకుండా ఉండిపోయాడు.

"మింగండి, అంకుల్."

మింగాడు. గుండెల దగ్గర ఆగింది. కనకలత మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. కాసేపటికి మెల్లగా, చల్లగా జారింది.

"దిగింది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ సారు కేకేసినారేటమ్మా?"

"లేదు. రెండుసార్లు భుజం మీద చెయ్యి వేశారు."

ఎక్కడెక్కడ ఆపారో అడుగుదామని నోరు తెరిచాడు గోవిందరావు. ధైర్యం చాల్లేదు. తెరిచిన నోరు ఇంకో చెంచాకి అలాగే ఉంచాడు.