అంటుకోని అయస్కాంతం

బుధవారం ఉదయం తొమ్మిదింటికి ఆటోనగర్ షెడ్డులో మా మేస్త్రి గారి కోసం నిలబడి ఉండగా ఆయన భార్య ఫోన్ చేశారు. “ఆయన రారండీ. పొద్దున లేపితే లేవలేదు. డాక్టరు గారు నిద్రలోనే పోయారన్నారు.” ముందురోజు సాయంత్రం ఏడింటికే ఆయన నాతో మాట్లాడారు. షెడ్డులో నాతోపాటు మరో పది మంది ఉన్నారు. అందరినీ రమ్మన్నది ఆయనే.

ఇరవై ఏళ్ళుగా నా స్కూటర్‌కు ఆయనే మెకానిక్. ఏం చెడిందో చెప్పబోతే చెయ్యెత్తి ఆపేవారు. “ఓనరు మాట తర్వాతండీ. ముందు ఇంజన్ని చెప్పనివ్వండి.” పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకు ఆనించి, పిడి దగ్గర చెవి పెట్టి వినేవారు.

పాత కార్లు సేకరించే పామర్రు రైసుమిల్లు యజమాని ఒకరు రెండు ఇటలీ కార్లలో ఒకటి కొనాలనుకున్నారు. రెండూ అరవై ఏళ్ళ కిందటివి, దూర ప్రయాణాలు వేగంగా, సుఖంగా సాగడానికి చేసినవి. ఎర్రదానికి పన్నెండు సిలిండర్లు, బూడిదరంగుదానికి ఆరు. వాటిని పోల్చి మా పేపరు ఆదివారం పేజీకి రాయడం నా పని. ఏది కొనాలో చెప్పడం మేస్త్రి గారి పని.

సోమవారం అమ్మేవాళ్ళు రెండింటినీ షెడ్డుకు తెచ్చి, బేరం తేలేదాకా అక్కడే ఉంచారు. నడిపి చూసి మేస్త్రి గారు అన్నారు: “ఎర్రది ఊరేగింపుకండీ. ఈ బూడిదరంగుది బందరు వెళ్ళి భోజనం వేళకి ఇంటికొచ్చే బండి.” తర్వాత పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని, గీతలు పడకుండా బనీను గుడ్డలో చుట్టి, బానెట్ల మీద పెట్టారు. పెయింటు కింద రేకు ఉంటే అంటుకుంటుంది, సొట్టలు పూడ్చిన లప్పం ఉంటే జారుతుంది. బూడిదరంగుదానికి అంటుకుంది. ఎర్రదాని మీద జారింది.

“ఇదంతా లప్పమే,” అన్నారు, చుట్టుపక్కల షెడ్లవాళ్ళంతా వింటుండగా.

“ఇటలీవాడు లప్పంతో కారు చేస్తాడా మేస్త్రీ?” అన్నారు ఎర్రదాన్ని అమ్మే ఆయన.

“వాడు చెయ్యడండీ. మధ్యలో మనవాళ్ళు చేస్తారు.”

అందరూ నవ్వారు, అమ్మే ఆయన తప్ప.

మంగళవారం సాయంత్రం మేస్త్రి గారు నాకు ఫోన్ చేశారు. “తప్పైపోయిందండీ. ఎర్రదాని బానెట్ అల్యూమినియం. దానికి అయస్కాంతం అంటదని నాకు తెలీదా? ఇనప బళ్ళకి అలవాటైన చెయ్యి, తొందరపడింది.”

“మరి ఏది కొనమంటారు?”

“అది రేపు చెప్తా. ముందు నలుగురిలో అన్నమాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. తొమ్మిదింటికి రండి. నా తప్పు కూడా రాయండి పేపర్లో.”

బుధవారం షెడ్డుకు మిల్లు యజమాని, అమ్మేవాళ్ళు, చుట్టుపక్కల షెడ్లవాళ్ళు వచ్చారు; ఆయన చెప్పాల్సింది తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. ఆయన భార్యతో మాట్లాడి ఫోన్ పెట్టేసి, మేస్త్రి గారు పోయారని వాళ్ళకు చెప్పాను. కాసేపటికి ఆ మాట కూడా చెప్పాను: అది లప్పం కాదు, అల్యూమినియం, తప్పు తనదేనన్నారు. అమ్మే ఆయన స్టూలు మీద కూలబడ్డారు. “ఈ మాట చెప్పడానికా నన్ను రమ్మంది?” అన్నారు.

“మరి ఏది కొనమన్నారండీ?” మిల్లు యజమాని అడిగారు.

“చెప్పలేదండీ.”

మిల్లు యజమాని గోడ కొక్కేనికి వేలాడుతున్న అయస్కాంతాన్ని తీసి ఎర్ర బానెట్ మీద పెట్టారు. గ్రీజు మరకల బనీను గుడ్డతో సహా అది మెల్లగా జారింది. కింద పడకుండా రెండు చేతులూ అడ్డం పట్టారు.