సాంచెలు ఆగిన ఆదివారం

మనుషులు ఒకరినొకరు "బాగున్నారా" అని అడగడం మానేసి "వినిపిస్తోందా" అని పలకరించుకున్న రోజులు కొన్ని నడిచాయి. మాస్కు లేకుండా గుమ్మం దాటితే దొంగను చూసినట్టు చూసేవారు. చుట్టాల ఇళ్లకు పోవడం లేదు, చుట్టాలు రావడమూ లేదు (ఈ రెండోదానికి మా అమ్మ పెద్దగా బాధపడినట్టు నాకు గుర్తులేదు). ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. ఆ వయసులో తనకు తెలియనిది లేదని ప్రతివాడికీ ఒక నమ్మకం ఉంటుంది. నాకు అది కాస్త ఎక్కువ మోతాదులో ఉండేది. రింగ్ రోడ్‌లో ఒక చీరల దుకాణంలో కంప్యూటర్ మీద కూర్చునే నౌకరి చేసేవాణ్ని. మొదటి లాక్‌డౌన్‌లో మూతపడ్డ ఆ దుకాణం మళ్లీ తెరిచాక నన్ను పిలవడం మర్చిపోయింది. నేను ఇంట్లో కూర్చుని, పాత లాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లన్నీ ఎక్కిస్తూ, తీసేస్తూ, మళ్లీ ఎక్కిస్తూ కాలం గడుపుతున్నాను. అది చదువో, పనో, పిచ్చో మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టేది కాదు.

మా ఇల్లు సూరత్‌లోని లింబాయత్‌లో, బతుకుదెరువుకు వచ్చిన తెలుగు నేతవాళ్ల గల్లీలో. కింద బాపు, అంటే మా నాన్న, నడిపే కార్ఖానా, పైన మేముండే రెండు గదులు. కార్ఖానాలో ఎనిమిది సాంచెలు. కరెంటుతో నడిచే మగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. పొద్దున ఒక పాళీ, రాత్రి ఒక పాళీ, అవి ఆగేవి కావు. మా ఇంట్లో గోడకు కొట్టిన క్యాలెండర్ కూడా నిలకడగా ఉండేది కాదు. ఆ చప్పుడు మధ్య పెరిగాం కాబట్టి మేం మామూలుగా మాట్లాడుకున్నా కొత్తవాళ్లకు పోట్లాడుకుంటున్నట్టే ఉండేది. కరెంటు పోయినా, లాక్‌డౌన్ పెట్టినా గల్లీ మొత్తం ఆగేది, అప్పుడెవరూ పట్టించుకునేవారు కాదు. కానీ ఒక్క కార్ఖానా మాత్రమే పట్టపగలు ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టు లెక్క. మావాళ్లలో ముందు సాంచెలు ఆపి, తర్వాతే ఏడుస్తారు (ఆపకుండా ఏడిస్తే ఎవరికి వినబడుతుంది?). అందుకే రిపేరుకో పెళ్లికో ఆపాల్సి వస్తే ముందే ఇంటింటికీ చెప్పి రావడం ఆనవాయితీ.

ఊళ్లో ఓపెన్ సోర్స్ అభిమానుల బృందం ఒకటి ఉండేది. నెలనెలా చివరి ఆదివారం ఎవరో ఒకరు తాము నేర్చుకున్నది మిగతావాళ్లకు చెప్పాలి. అంతకుముందు ఒక లైబ్రరీ గదిలో కూర్చుని, ఖమణ్ తింటూ, చాయ్ తాగుతూ వినేవారు. మహమ్మారి వచ్చాక ఖమణ్ పోయి ఉపన్యాసం మాత్రం మిగిలింది, అదీ కంప్యూటర్ తెర మీద. ఈ బృందానికి పెద్ద, స్కూటర్ మీద లైనక్స్ గుర్తయిన పెంగ్విన్ బొమ్మ అంటించుకుని తిరిగే ఒక గుజరాతీ పెద్దమనిషి. అందరికీ ఆయన పెంగ్విన్ కాకా. ఆ నెల ఆయన నాకు ఫోన్ చేసి, ఈసారి నువ్వే మాట్లాడాలన్నారు. చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే ఒక సేఠ్ కూడా వింటాడని, ఆయనకు ఒక కుర్రాడు కావాలని, ఇక నీ ఇష్టమని చల్లగా చెప్పారు. ఆ సేఠ్‌ను మేమెవరం చూడలేదు. ప్రతి నెలా వచ్చేవాడు గానీ కెమెరా తెరిచేవాడు కాదు. అందుకని మాలో మేం ఆయన్ను చీకటి సేఠ్ అనుకునేవాళ్లం.

ఇంట్లో అప్పటికే గడువు పెట్టేశారు. నెలాఖరుకల్లా నౌకరి దొరక్కపోతే సాంచెల మీద నిలబడాలని బాపు తేల్చి చెప్పాడు. ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. కానీ రోజుకు పన్నెండు గంటలు నిలబడి తెగిన పోగులు ముడివేయడం తలుచుకుంటేనే నాకు కాళ్లు లాగేవి. కాబట్టి ఆ ఆదివారం నలభై నిమిషాల మీద నా బతుకంతా ఆధారపడి ఉందని లెక్క వేసుకున్నాను. సేఠ్ అదిరిపోవాలని ఉపన్యాసానికి "ఆపరేటింగ్ సిస్టమ్ లోతులు" అని పేరు పెట్టాను. ఆ లోతుల్లో నాకు మోకాలి దాకా కూడా తెలియదు. అక్కడా ఇక్కడా ఎత్తి రాసిన స్లైడ్లు నలభై ఉన్నాయి, నిమిషానికొకటి.

నిజానికి నా సమస్య లోతులు కాదు, మైకు. ఆ లాప్‌టాప్ ఎవరో వాడి పారేసింది. దాని మైకును మూడు వారాలు కుస్తీపట్టి పలికించాను. ఒకసారి పలికిందంటే ఇక దాన్ని కదపకూడదు. పొరపాటున ఆపితే మళ్లీ మొదటినుంచీ గంటసేపు బతిమాలుకోవాలి. దానికి తోడు కింద ఎనిమిది సాంచెలు. ఒక గంట ఆపమని బాపును అడగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆయన, ఎవడైనా పెద్ద ఆఫీసరొస్తే కూడా ఆపలేదురా అన్నాడు. చివరికి మా బాపమ్మ కలగజేసుకుంది. ఆమె బాపుకు తల్లి, నాకు హైకోర్టు. ముందు వారమే జ్వరం వచ్చి లేచింది, ఆ సంగతి గల్లీ అంతా తెలుసు. ఆమె ఒక్క మాటతో బాపు దిగొచ్చాడు.

"అయిదు గొట్టంగ బందువెడత. ఆరు గొట్టంగ మల్ల చాలు జేస్త," అన్నాడు బాపు. "నువ్వు మాత్రం గల్లీల జర చెప్పిరాపో. మర్చిపోకు."

మర్చిపోలేదు. అక్కడే ఉంది అసలు సంగతి. నా మీటింగు కోసం సాంచెలు ఆపుతున్నామని ఇంటింటికీ పోయి చెప్పడం నాకు నామోషీ అనిపించింది. నౌకరి లేనివాడికి మీటింగేందిరా అని ఎవరైనా అడిగితే? రేపు చెబుదాం, మాపు చెబుదాం అనుకుంటూ ఆదివారం దాకా లాక్కొచ్చి, చివరికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఉండిపోయాను.

అయిదు కొట్టింది. సాంచెలు ఆగాయి. లాక్‌డౌన్ తర్వాత ఆ ఇంట్లో నా గొంతు నాకు అంత స్పష్టంగా వినబడ్డం అదే మొదలు, కొంచెం భయమేసింది కూడా. సాంచెలాగిన ఇంట్లో కూర్చోలేక బాపు గల్లీ చివరి చాయ్ దుకాణానికి వెళ్లిపోయాడు. అమ్మ కూరగాయలకు పోయింది. పనివాళ్లు మాస్కులు పెట్టుకుని బయట గడప ముందు వరుసగా, మౌనంగా కూర్చున్నారు. పాపం వాళ్లకూ ఏం తెలియదు. గల్లీవాళ్లెవరో అడిగితే, పైన ఏదో అయిందట అని మాత్రం చెప్పారట.

నేను మూడో స్లైడు మీద ఉండగా మెట్ల మీద రాగం మొదలైంది. అది మా ఎదురింటి అత్త గొంతు. గల్లీలో ఎవరు పోయినా మొదటి ఏడుపు ఆమెదే, అందులో ఆమెకు సాటి లేరు. "ఓ అత్తా, నిన్నగాక మొన్న జరం తగ్గెనంటివి గదనే" అంటూ ఆమె, వెనకాల ఇంకో ఏడెనిమిది మంది, మాస్కులతో, మనిషికీ మనిషికీ నడుమ బెత్తెడు దూరమైనా పాటిద్దామని ప్రయత్నిస్తూ, నా కుర్చీ వెనక నిలబడ్డారు. ఈ గోల విని బాపమ్మ లోపలి గదిలోంచి వచ్చింది. జ్వరం వచ్చి లేచిన మనిషి కదా, కార్ఖానా గుడ్డతో కుట్టిన పెద్ద మాస్కు ఆమె కళ్ల దాకా ఉంది. ఎదురింటి అత్త ఆమెను పోల్చుకోలేదు, తనలాగే పరామర్శకు వచ్చిన ఎవరో ముసలమ్మ అనుకుంది. ఏ యాళ్లకు పోయిందమ్మా అని ఆమెనే అడిగింది. ఎవరు పోయారో తెలియని బాపమ్మ, ఎదురింటి అత్త ఇంత ఏడుస్తోందంటే ఆమె ఇంట్లోని ముసలి అత్తే పోయి ఉంటుందని తీర్మానించుకుని, అయ్యో నా తోడుది పోయిందా అని తనూ గొంతు కలిపింది. తన చావుకు తనే అంత బాగా ఏడ్చిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇదంతా తెర మీద అందరికీ కనబడుతోంది, వినబడుతోంది. మైకు ఆపడానికి ధైర్యం లేదు. పెంగ్విన్ కాకా గద్గదంగా, దీక్రా (గుజరాతీలో కొడుకా అని), ఆపేద్దాం, ఇంటి సంగతి చూసుకో అన్నారు. నేను ఏమీ లేదు కాకా, తర్వాతి స్లైడు అన్నాను. దాంతో ఇంట్లో శవాన్ని పెట్టుకుని కూడా విద్య పంచుతున్నాడని నా మీద వాళ్లకు అపారమైన గౌరవం కలిగింది. తెర పక్కన సందేశాలు టపటపా పడసాగాయి. ఓం శాంతి, ఓం శాంతి, ఓం శాంతి. నా స్లైడు మీద మెమరీ గురించి ఉంది, పక్కన ఓం శాంతి ఉంది. అప్పుడే, ఏ నెలా తెరుచుకోని చీకటి సేఠ్ కెమెరా తెరుచుకుంది. బట్టతల, కళ్లజోడు, కళ్లలో నీళ్లు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వెనక్కి తిరిగి, "ఎవ్వలు సావలే. నా మీటింగు నడుస్తున్నది. పోండ్రి జర," అన్నాను.

ఏడుపు ఆగింది. ఎదురింటి అత్త మాస్కు కిందికి లాగి, కళ్లు తుడుచుకుని, "సావకపోతే సాంచెలెందుకు ఆపిన్రురా?" అని అడిగింది.

 అంతలోనే బాపు మెట్లెక్కి వచ్చాడు. చాయ్ దుకాణం నుంచి తిరిగొస్తూ తన ఇంటి ముందు గుంపును చూసి, తల్లి నిజంగానే పోయిందనుకుని పరుగెత్తుకొచ్చిన మనిషి. రొప్పుతూ వచ్చి తల్లిని చూశాడు. ఆమె చెయ్యి పట్టుకుని, నుదురు తాకి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.  కిందికి దిగి ఎనిమిది సాంచెలూ మళ్లీ చాలు చేయించాడు. ఆ ఇంట్లో ఎవరూ పోలేదని గల్లీకి చెప్పడానికి అంతకన్నా వేరే దారి లేదు. వచ్చినవాళ్లు హమ్మయ్య అనుకుని, నన్ను ఎగాదిగా చూసి, దిగిపోయారు.

ఇక నా గొంతు నాకే వినబడలేదు. టేబుల్ వణుకుతోంది. పదకొండో స్లైడు దగ్గర నా బతుకు ముగిసిందని అర్థమైంది. ముగిసిందేదో ముగిసింది, కనీసం ఉన్నమాట చెబుదామని స్లైడ్లు మూసేసి, ఖాళీ పేజీ తెరిచి టైప్ చేయడం మొదలుపెట్టాను. ఎవరూ చనిపోలేదు, క్షమించండి అని మొదటి వాక్యం. ఇది సాంచెల చప్పుడు అని రెండోది. ఈ లోతులు నాకు తెలియవు, ఎత్తి రాశాను అని మూడోది. మరి నీకేం వచ్చు అని ఎవరో రాశారు. ఈ మైకును పలికించడం వచ్చు అని రాశాను. ఎట్లా అని అడిగారు. మూడు వారాల్లో చేసిందంతా ఒక్కొక్క కమాండే వాళ్ల కళ్ల ముందు కొట్టి చూపించాను. ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి, కొడుతూనే ఉన్నాను. అయిపోయేసరికి ఆరు దాటింది.

రెండు రోజులు ఇంట్లో ఎవరి మొహం చూడలేదు. మూడో రోజు పెంగ్విన్ కాకా ఫోన్ చేశారు. సేఠ్ కంపెనీ పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లుల్లో కంప్యూటర్లు పెడుతుందట. అక్కడి మోతకు పంపిన ప్రతి కుర్రాడూ నాలుగు రోజుల్లో పారిపోయి వస్తున్నాడట. అంత చప్పుడులో ఒక్క అక్షరం తప్పు పోకుండా గంటసేపు కొట్టినవాణ్ని ఇన్నాళ్లకు చూశానని, వెంటనే పంపమని సేఠ్ అన్నాడట. నేను చెంగుచెంగున కిందికి దిగి బాపు చెవిలో అరిచి చెప్పాను. ఆయన తెగిన పోగు ముడివేయడం పూర్తి చేసి, "అట్లయితే ఆ నౌకరి నాకు గూడ ఇయ్యాలె. చప్పుడు నాదే గద," అన్నాడు.

ఆ తర్వాత చాన్నాళ్లు ఆ ఆదివారం తలుచుకుంటే నాకు గల్లీవాళ్ల మీద ఒళ్లు మండేది. ఇప్పుడు నా మీద నాకే మండుతుంది. సొంత అన్నదమ్ముల చావుకు కూడా మనుషులు పోలేకపోయిన కాలం అది, తలుపులు తీయడానికే జంకిన కాలం. అట్లాంటప్పుడు మా ఇంట్లో చప్పుడు ఆగిందని ఇంతమంది మెట్లెక్కి వచ్చారు. వాళ్లను నేను పోండ్రి అన్నాను.

బాపమ్మ రెండేళ్ల కింద పోయింది. ఫొటోలు బోలెడున్నాయి గానీ, ఆమె గొంతు రికార్డు చేసి పెట్టాలని ఎవరికీ తోచలేదు. బృందంవాళ్లు ప్రతి ఉపన్యాసాన్నీ రికార్డు చేసి ఎవరైనా చూసుకునేలా నెట్‌లో పెడతారు. నాది కూడా ఉంది. తద్దినం రోజున మా ఇంటిల్లిపాదీ దాన్ని పెట్టుకుని చూస్తాం. అందరూ దిగిపోయాక, నేను తల వంచుకుని టైప్ చేస్తుంటే, బాపమ్మ నా భుజం మీదుగా వంగి, మాస్కు తీసి, తెరలోని మనుషులందరినీ ఒక్కొక్కరిగా చూసి, ఏదో అడుగుతుంది. తిన్నరా బిడ్డా అని. సాంచెల మోతలో కూడా ఆ ఒక్క మాట తెలుస్తుంది. ఆ రోజు నేను వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆమె మొహం సగం నా తల చాటున పడింది.

అక్కడికి వచ్చేసరికి బాపు ప్రతిసారీ తెరకు దగ్గరగా జరిగి, "గా ముంగట కూసున్న పిలగాడు జర పక్కకు జరిగితే బాగుండు," అంటాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఊపిరి బిగబట్టి టైప్ చేస్తున్న ఆ పిలగాణ్ని చూస్తూ నేను కూడా అదే అనుకుంటాను.