తొట్టికీ చేనుకూ మధ్య ఎత్తు

నా భార్య పోయిన తర్వాత ఆమె వస్తువుల్లో నేను వాడుతున్నది ఒక్కటే, అరచేతిలో పట్టే జీపీఎస్ యంత్రం. నడిచిన దారిని అది గుర్తుపెట్టుకుంటుంది. ఎత్తును మాత్రం గాలి ఒత్తిడిని బట్టి చెబుతుంది. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి ఆ తేడాను మీటర్లలోకి మారుస్తుంది. చిక్కేమిటంటే, మనం కదలకపోయినా మబ్బు కమ్ముకొస్తే ఒత్తిడి తగ్గవచ్చు. అప్పుడు యంత్రం మనం ఎత్తు ఎక్కామనుకుంటుంది. అందుకే ఎత్తు తెలిసిన చోట దాన్ని ముందుగా సరిచేసుకోవాలి. ఆమె సోషల్ టీచరు. ఇదంతా నాకు చెప్పింది ఆమే.

పోయిన చలికాలంలో మా మామ, అంటే ఆమె తండ్రి, బీర్పూర్‌లోని తన పసుపు చేనుకు పైపు వేయించాలనుకున్నాడు. చేనులో బోరు ఎండిపోయింది. అవతలి మెట్ట చెలకలో బావికి నీళ్లున్నాయి. మోటరు ఆ నీళ్లను బావి గట్టు మీది తొట్టిలో పోస్తుంది. తొట్టి నుంచి చేనుదాకా నీళ్లు పైపులో వాటంతట అవే పారాలి. దానికి వాటం ఉండాలి. కంటికి చూస్తే ఆ నేలంతా ఒక్క మట్టంగానే ఉంటుంది.

పక్క చేను ఆయన మామను రోజూ ఆటపట్టిస్తున్నాడు. "పటేలా, నీళ్లు ఎదురెక్కుతయా? మెట్లు గూడ కట్టియ్యి వాటికి."

మామకు మాత్రం అనుమానం లేదు. పోవడానికి ముందటి ఏడు ఆమె చేను నుంచి తొట్టిదాకా యంత్రం పట్టుకుని నడిచింది. తొట్టి నాలుగు మీటర్లు ఎత్తులో ఉందని చెప్పింది.

"రేపు కాల్వ తవ్వే మిషినొస్తది," అని తెల్లారకముందే ఫోన్ చేశాడు మామ. "పైపులకు గూడ చెప్పిన. ఇయ్యాల అచ్చి పో అల్లుడా."

"మళ్లొకసారి కొలుద్దాం మామా."

"ఎందుకు? నా బిడ్డ కొలిచింది గదా."

ఫోన్ పెట్టేశాక నాకు ఏ పనీ తోచలేదు. నీళ్లు రాకపోతే పసుపు ఎండిపోతుంది. అదొక భయం. ఎండిన పైపు మూతి దగ్గర నలుగురూ నిలబడి, ఆమె లెక్క తప్పిందని అనుకోవడం ఇంకో భయం. ఆ మాటకు బదులు చెప్పుకోవడానికి ఆమె లేదు.

నేను ఉద్యోగం చేసేది కోరుట్లలో. రైల్వే స్టేషన్లో పసుపు రంగు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. పొద్దున్నే పోయి, బోర్డు కింద నిలబడి ఆ అంకెను యంత్రంలో పెట్టాను. ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మే ఆయన నన్నే చూస్తున్నాడు.

"ఏంది సార్, బోర్డు దిక్కు గట్ల చూస్తున్నరు. పేరు మార్చిండ్రా?"

"లేదు. ఎత్తు చూస్తున్న."

"ఎవలది?"

జగిత్యాలలో మళ్లీ స్టేషన్‌కు పోయాను. అక్కడి బోర్డుతో పోల్చి చూసుకుంటే యంత్రాన్ని నమ్మవచ్చో లేదో తెలుస్తుంది. రెండు బోర్డుల అంకెలూ ఒకటి కావు. యంత్రం మాత్రం ఇంకా కోరుట్ల అంకె దగ్గరే ఉంది. బెంచీ మీద కూర్చుని చూస్తుంటే అంకె మెల్లగా, ఊపిరాడనట్టు జరుగుతోంది. పాడైపోయిందనుకున్నాను. అప్పటికి మిషిను ఆయనకు మామ బయానా కూడా ఇచ్చి ఉంటాడు.

వెనక్కి తిప్పి చూస్తే గాలి పోయే సన్నని రంధ్రాల నిండా ఎండిన పసుపు, కుంకుమ. మా ఊరు సిరిసిల్లలో దసరాకు అమ్మ సాంచెలకు, స్కూటరుకు, కుట్టుమిషనుకు బొట్లు పెడుతుంది. సాంచెలంటే మా మరమగ్గాలు. ఈసారి పండక్కి పోయినప్పుడు నా భార్య ఫొటో దగ్గర నేను పెట్టిన ఈ యంత్రానికి కూడా పెట్టినట్టుంది. అమ్మకు ఫోన్ చేశాను.

"ముందట అద్దమున్నది గదా, ఖరాబైతదని ఎనుక పెట్టిన," అంది అమ్మ. "ఏమాయె? అది గూడ పనిముట్టే గద."

"ఏం గాలేదమ్మా."

రంధ్రాల్లో సూది పెట్టకూడదని నా భార్య చెప్పేది. స్టేషన్ పక్క హోటల్లో గోరువెచ్చని నీళ్లు అడిగి, వాటిలో ముంచి తీసి, దులిపి, నీడలో ఆరబెట్టాను. కాసేపటికి అంకె కదిలింది. బోర్డుకు ఒక మీటరు తేడాలోకి వచ్చి ఆగింది.

ఆరేలోపు ఆమె నడిచిన దారిని తెరిచి చూశాను. చేను నుంచి తొట్టిదాకా ఒకటే గీత. తిరుగు గీత లేదు. పోయిన దారినే తిరిగి వచ్చి, మొదలుపెట్టిన చోట మళ్లీ అదే అంకె వస్తుందో లేదో చూడాలి. రాకపోతే ఆ మధ్యలో గాలి మారినట్టు. ఇది కూడా నాకు నేర్పింది ఆమే. అక్కణ్నుంచి బీర్పూర్‌దాకా నేను ఆ ఒక్క గీత గురించే ఆలోచించాను.

మామ నాతోపాటు నడిచాడు. తొట్టి దగ్గర మొదలుపెట్టి చేనుదాకా పోయి, కాసేపు ఆగి, మళ్లీ తొట్టి దగ్గరికి వచ్చాం. మొదటి అంకెకూ చివరి అంకెకూ చిన్న తేడా ఉంది. దాన్ని సర్ది, ఇంకోసారి నడిచి చూశాను. రెండుసార్లూ వచ్చింది ఒకటే.

"రెండు మీటర్లు మామా. వాటమున్నది, కానీ సన్న పైపుకు సరిపోదు."

"నా బిడ్డ నాలుగన్నది."

"ఆ రోజు మబ్బు కమ్మినట్టుంది. నడుస్తుంటె ఒత్తిడి తగ్గింది. తిరిగి నడిస్తె తెలుస్తుండె."

"మరెందుకు నడవలే? అన్ని తెలిసినదాయె."

దీనికే నేను పొద్దున్నుంచి భయపడుతున్నాను. ఆమె అలా నడిచిన నాటికే తన జబ్బు సంగతి ఆమెకూ నాకూ తెలుసు. నాన్నకు చెప్పొద్దని ఆమె నాతో మాట తీసుకుంది. ఆ తర్వాత ఆయనకు తెలిసింది గానీ, ఎప్పటి నుంచి అన్నది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

"చాతగాలె మామా. అప్పటికే."

మామ తొట్టి గోడ మీద కూర్చున్నాడు. తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"గీడనే కూసున్నది," అన్నాడు. "ఎండ కొడుతున్నది బాపూ, బండి తే అన్నది. ఎండ యాడిది? నువ్వన్నట్టు మబ్బే ఉండె. నేను పోయి బండి తెచ్చిన."

మామ చేను వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి పైపుల దుకాణానికి చేశాడు. సన్నవి వద్దు, లావువి పంపమన్నాడు. అవతలాయన ఎందుకని అడిగినట్టున్నాడు.

"వాటం తక్కువున్నది," అన్నాడు మామ. "పొద్దుగాల్లనే పంపు. మిషినచ్చి ఊకె నిలవడతది."