యాభై అయిదు నిమిషాల మనిషి

ఆ చిన్న విమానాశ్రయంలో విచారణ కిటికీ వెనక ఇరవై ఆరేళ్లు కూర్చున్నాయనకి అందరూ పెట్టిన పేరు ‘యాభై అయిదు’. అది ఆయన వయసు కాదు. పక్క పట్నానికి విమానంలో ఎంతసేపని ఎవరడిగినా, తలెత్తకుండా, “నూట తొంభై కిలోమీటర్లు, యాభై అయిదు నిమిషాలు” అనేవాడు.

“సుమారుగానా అండీ?” అని ఎవరైనా నోరు జారితే వాళ్ల పని అయిపోయినట్టే.

“సుమారుగా చెప్పడానికి ఇదేమన్నా బస్సా?”

బస్సు మాట ఊరికే వచ్చేది కాదు. బావమరిది బస్సు డ్రైవరు.

సమయపాలనకి విమాన సంస్థ గెలుచుకున్న బహుమతి పలకని రోజూ పొద్దున్నే తన చేతిరుమాలుతో తుడిచే ఆ మనిషి, ఒక్కసారైనా విమానం ఎక్కిన పాపాన పోలేదు. మరదలు ఆ పక్క పట్నంలోనే ఉంటుంది. చూసొద్దామని భార్య అడిగినప్పుడల్లా, “అయిదు గంటలు బస్సులో నడుం విరగ్గొట్టుకోవడమా? వెళితే విమానంలోనే” అనేవాడు. ఆ వెళ్లడం మాత్రం లేదు.

ఉద్యోగ విరమణ నాడు సంస్థవాళ్లు ఆయన చేతిలో రెండు టికెట్లు పెట్టారు. బావమరిదికి పంట పండింది.

“ఎక్కి చూడు బావా. నీ లెక్కలో అయిదు నిమిషాలు తేడా వచ్చినా, నెలకోసారి అక్కని నా బస్సులో చిన్నక్క దగ్గరికి తీసుకురావాలి.”

“రాకపోతే?”

“ఈ జన్మలో విమానాన్ని పల్లెత్తు మాటనను.”

సంచి సర్దుతున్న భార్య చెయ్యి ఆగింది. పెళ్లయ్యాక మొదటిసారి మొగుడు ఓడిపోవాలని మనసారా కోరుకుంది.

విమానం లేచింది. ఆయన గడియారం మీంచి కళ్లు తిప్పలేదు. ముప్పై మూడో నిమిషాన చక్రాలు నేలకి తగిలాయి.

“ఏమ్మా, మధ్యలో దింపేశారేం?” అని కంగారుగా అడిగాడు.

“మధ్యలో కాదు సార్, వచ్చేశాం. ఎప్పుడూ ఇంతే,” అంది విమానంలోని అమ్మాయి నవ్వుతూ. “ఆలస్యమనిపించుకోకూడదని పైన ఇంకొన్ని నిమిషాలు వేసి రాస్తారు.”

రోజూ తుడిచిన పలక ఆయన కళ్ల ముందు గిర్రున తిరిగింది. భార్య కిటికీ వైపు తిరిగి, “నెలకోసారి,” అంది మెల్లగా.

కానీ తలుపు తెరుచుకోలేదు. మెట్ల బండి టైముకే వస్తుందట. లోపల ఉక్క, పిల్లల ఏడుపులు, పెద్దల విసుర్లు. ఆ ఆలస్యానికి మనసులో దణ్ణం పెట్టుకున్నవాడు ఆయనొక్కడే. సరిగ్గా యాభై అయిదో నిమిషాన తలుపు తెరిచారు.

“చూశావా! చెప్పానా, లేదా?”

భార్య కిటికీలోంచి బయటికి చూపించింది. విమానాశ్రయం అద్దాల అవతల, ఇరవై నిమిషాలుగా చెయ్యూపి ఊపి నొప్పిపుట్టి, చెల్లెలు చెయ్యి దించేసింది.

బయటికి రాగానే, ఆయన వదలకుండా తొడుక్కొచ్చిన పాత యూనిఫాం చూసి ఒక ముసలాయన ఆపాడు. “అయ్యా, ఈ విమానం అవతలి ఊరికి ఎంతసేపటికి చేరుస్తుంది?”

అలవాటు కొద్దీ నోరు తెరుచుకుంది. అంకె మాత్రం రాలేదు.

భార్య అందుకుంది. “ఎగరడానికి ముప్పై మూడు నిమిషాలండీ. దిగడానికి ఇరవై రెండు. ఈయన బయల్దేరడానికి ఇరవై ఆరేళ్లు.”

ముసలాయనకి ఏమీ అర్థం కాలేదు. “ఇంతకీ ఎంతండీ?” అన్నాడు మళ్లీ ఆయన్నే చూస్తూ.

ఆయన గడియారం వంక చూశాడు, ఎదురొచ్చి నిలబడ్డ మరదలి చెయ్యి వంక చూశాడు.

“సుమారుగా... గంటలోపేనండీ.”

భార్య చెల్లెలి వైపు తిరిగింది. “విన్నావుగా? తమ్ముడికి ఫోన్ చెయ్యవే.”