ఆటలో ఎడమ చేతి భోజనం

ఈ రోజు మా మనవరాలి వజ్రాలు నా వల్ల పోయాయి.

మేం వలస వచ్చి ఉంటున్న లింబాయత్‌లోని మా గదిలో శ్రావణి కంప్యూటర్ మీద దిమ్మెలు పేర్చే ఆట ఆడుతోంది. వారమంతా తవ్విన వజ్రాలతో దాని బొమ్మ గుహలోంచి బయటికి వస్తోంది. కుడి చేతిలో కత్తి, ఎడమ చేతిలో రొట్టె. నలభై ఏళ్లు సాంచెల మీద రెండు చేతులతో బట్ట నేసినవాణ్ని, చూసి ముచ్చటపడ్డాను. ఇంతలో బొమ్మ ఆ రొట్టె తినడం మొదలుపెట్టింది.

"ఏందే, ఎడమ చేత్తోని తింటున్నవ్?"

"గేమ్ తాతా! గేమ్‌ల ఏం కాదు."

"యాడనన్న తిండి తిండే. చేయి మార్చు."

పాపం, మార్చింది. రొట్టె కుడి చేతికి, కత్తి ఎడమ చేతికి వచ్చాయి. అప్పుడే చీకట్లోంచి ఒక పీనుగు మీదికి దూకింది. ఆ ఆటలో ఎడమ చేతి కత్తి దెబ్బ కొట్టదట. బొమ్మ చచ్చింది. దాని దగ్గరున్న వజ్రాలన్నీ పక్కనే ఉన్న నిప్పుల గుంటలో పడ్డాయి.

శ్రావణి నా వైపు తిరిగింది.

"ఖుష్ హై నా తాతా? కుడి చేత్తోని తినుకుంటనే సచ్చిన."

మీ పిల్లలు ఆటలో ఏ చేత్తో తింటున్నారో చూసి నాకు రాయండి. వాళ్లకు మాత్రం ఏమీ చెప్పకండి.